మణికట్టు విరిగినప్పుడు నొప్పి లేకుండ ఎముకను కూర్చుట

వానలు పడి పొలముగట్లు జారుడుపట్టిన దినములలో వరంగల్ ప్రాంతపు దవాఖానాలకు చేయి విరిగినవారు వచ్చుచుందురు. గట్టుమీద కాలు జారినవాడు మొగము నేలకు తగులకుండ అరచేయి చాచి ఆనును. శరీరపు బరువంతయు ఆ యరచేతిమీద పడును. ముంజేతిలో బొటనవ్రేలి ప్రక్కనుండు ఎముక మణికట్టునకు అంగుళము దూరమున విరిగి వెనుకకు వంగును. వాకిటి తడిలో జారిన ముదుసలికిని, చింతకొమ్మనుండి పడిన పిల్లవానికిని, తాటిచెట్టునుండి జారిన గీతకార్మికునకును, ట్రాక్టరు తొట్టినుండి దుమికిన కూలికిని జరుగునది ఇదియే. ఆయిలింజనును హాండిలుతో త్రిప్పునప్పుడు అది వెనుకకు తన్నుటచే మణికట్టు విరుగుటయు గలదు. మోటారు కార్లను హాండిలుతో నడపిన కాలమున పాశ్చాత్యదేశపు డ్రైవర్లకు ఇట్టి విరుపు కలుగుచుండుటచే వైద్యగ్రంథములలో నేటికిని దానికి షోఫరు విరుపు అను పేరు నిలిచినది.

పూర్వము దీనిని ఎముక విరుపని గుర్తింపక కీలు తొలగినదని తలచెడివారు. 1814లో ఐర్లండు దేశమందలి డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు ఏబ్రహాం కాలిస్ అనునాతడు, ఇది కీలు తొలగుట గాదు, ఎముక విరుగుటయే యని వివరించెను. ఎక్సురే కిరణములు కనుగొనబడినది 1895లో గదా. అంతకు ఎనుబది యేండ్లకు పూర్వము చేతితో తడవి, కంటితో చూచి మాత్రమే ఆతడీ సంగతి గ్రహించెను. ముట్లుడిగిన స్త్రీలకు ఎముకలు గుల్లబారుటచేత చిన్నపాటుననే మణికట్టు విరుగును. పిల్లలకు ఎముకలు ఇంకను గట్టిపడకుండుటచేత విరుగును. ఈ రెండు తెగలవారే ఈ గాయమునకు ఎక్కువగా గురియగుచుందురు.

విరిగిన ఎముకను ఎట్లు కూర్చవలెనో చెప్పుట మా పని గాదు. అది వైద్యుల పని. కూర్చునప్పుడు కలుగు నొప్పిని గూర్చియే యీ వ్యాసము. ఏలయన, ఆ నొప్పిని అణచు సాధనములు నేడు సర్కారు దవాఖానాలలోనే యున్నవి. వాని సంగతి తెలియక మన కర్షక కుటుంబములవారు బిడ్డను నలుగురు పట్టుకొనగా ఎముక గుంజించుచున్నారు.

ఆ గుంజుడు ఎట్టిదో చూడని గ్రామము లేదు. ఒకడు భుజమును, ఒకడు మోచేతిని, ఇద్దరు కాళ్లను అదిమిపట్టగా, ఎముకలు కట్టువాడు వ్రేళ్లను పట్టి లాగును. బిడ్డ కేకలు వీధి చివరకు వినబడును. తల్లి లోపలికి పోయి చెవులు మూసికొనును. అంతయు ముగిసిన పిమ్మట “ఏడ్చినాడు గనుక ఎముక కుదిరినది” అని పెద్దలు చెప్పుకొందురు. ఈ మాట సరిగా తలక్రిందుగా నున్నది. ఏడ్పునకును ఎముక కుదురుటకును సంబంధము లేదు. సంబంధమున్నచో అది ప్రతికూల సంబంధమే.

కారణము చెప్పెదము. ఎముకను చుట్టుకొని సన్నని పొర యొకటి గలదు. ఆ పొర నిండ నరముల కొనలు వ్యాపించియుండును. ఎముక విరిగినప్పుడు ఆ పొర చినుగును; విరిగిన కొనలు కదలినపుడెల్ల అది ఒరసికొనును. ఆ బాధ మెదడునకు చేరగానే ముంజేతి కండరములు తమంత తామే బిగిసికొని, విరిగిన రెండు తునకలను ఒకదానిమీదికొకటి లాగుకొనును. రోగి ఓర్పుగలవాడైనను ఈ బిగింపు అతని స్వాధీనమున నుండదు. వైద్యుడు చేయవలసినదో, ఆ తునకలను కొన్ని నిమిషములు నెమ్మదిగా ఎడమగా లాగి, వంపును మొదట కొంచెము హెచ్చించి, కొనలు ఒకదానికొకటి తగిలిన వెనుక బొటనవ్రేలితో క్రిందికి నొక్కి సరిచేయుట. కండరములు బిగిసియుండగా లాగుట ముడిపడిన పగ్గమును రెండు వైపుల లాగినట్లుండును. ఎంత లాగిన అంత బిగియును. నొప్పిని తీసినచో కండరములు సడలును. కొద్ది బలముతోనే ఎముక తన తావునకు వచ్చును. పిండికట్టు వేయునంతవరకు చేయి కదలక నిలుచును. కావున నొప్పిని అణచుట రోగిమీద దయ మాత్రమే కాదు, ఎముక సరిగా కూడుటకు సాధనము కూడ.

మన పూర్వులకు ఈ సంగతి తెలియనిది గాదు. సుశ్రుత సంహితలో విరిగిన ఎముకలకు లాగుట, నొక్కుట, దగ్గరకు చేర్చుట, కట్టుట యని నాలుగు క్రియలు చెప్పబడినవి. శస్త్రక్రియకు ముందు రోగికి మద్యమిచ్చి బాధ తెలియకుండ చేయుమన్న విధియు అందే గలదు. అంతకంటె మెచ్చదగినది మరియొకటి: కట్టు వదులైనచో ఎముక నిలువదనియు, మితిమీరి బిగించినచో వాపును, నొప్పియు, చర్మము చీముపట్టుటయు కలుగుననియు ఆ గ్రంథమున చెప్పబడినది. ఋతువును బట్టి చలిదినములలో ఏడు దినముల కొకసారియు, ఎండదినములలో మూడు దినముల కొకసారియు కట్టు విప్పి చూడవలెనట. నేటి నాటుకట్టులలో ఈ జాగ్రత్త ఎందరు పాటించుచున్నారో పాఠకులే యెరుగుదురు.

నాటువైద్యులను నిందించుటకు మేము పూనుకొనలేదు. తిరుపతి సమీపమందలి పుత్తూరు కట్టునకు పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి తెలుగుదేశమంతటను పేరున్నది. మన ప్రాంతమునను ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టువారు పలుచోట్ల గలరు. వారు దగ్గర నుందురు. తక్కువ సొమ్ము తీసికొందురు. వెంటనే పని ముగింతురు. రోగితో మనయింటి మాటలాడుదురు. ఈ గుణములను దవాఖానాలు వారియొద్ద నేర్చుకొనవలసియున్నది. కాని వారి చేతిలో ఎక్సురే లేదు, నొప్పి తీయు సూది లేదు. ఎముక ఎట్లు విరిగినదో కానక, నొప్పి నణచు దారి లేక లాగుట యెంత నేర్పరికైనను చీకటిలో నాగలి పట్టుట వంటిది.

మత్తుమందు విషయమున మన ప్రాంతమునకు తగిన చరిత్రయే గలదు. వరంగల్ నిజాము రాజ్యములో నుండిన కాలమున, హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డు లారీ అను వైద్యుడు క్లోరోఫారమును గూర్చి 1888లోను 1889లోను రెండు పరిశోధక సంఘములను నడపెను. ఖర్చు నిజాము ప్రభువైన మహబూబు అలీఖాను భరించెను. రెండవ సంఘమునకు లండనునుండి లాడర్ బ్రంటను అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చెను. క్లోరోఫారమిచ్చునపుడు నాడిని గాక శ్వాసను కనిపెట్టవలెననియు, శ్వాస చెడకుండ గుండె ముందుగా ఆగదనియు వారు తేల్చిరి. ఇందులో రెండవ మాట సరిగాదని తరువాత తేలినది. క్లోరోఫారము గుండెనే నేరుగ చెడగొట్టగలదని 1911లో ఇంగ్లండున లెవీ అను పరిశోధకుడు చూపెను. క్లోరోఫారము క్రమముగా వాడుకనుండి పోయినది. శ్వాసను కనిపెట్టవలెనన్న మాట మాత్రము నిలిచినది. ఆ సంఘముల కాలముననే హైదరాబాదు పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ అను పారసీ వనిత అఫ్జల్‌గంజు దవాఖానాలో రోగులకు క్లోరోఫారమిచ్చుచు, ప్రపంచమున మత్తువైద్యము చేసిన తొలి స్త్రీలలో నొకతెగా పేరొందినది. ఆ విద్య మన రాజధానిలో అప్పటినుండియే వేరూనియుండగా, మన పల్లెల బిడ్డలు నేటికిని అరుచుచు చేయి గుంజించుకొనుట వింతగానే యున్నది.

ఇక నేటి పద్ధతులు. మణికట్టునకు మొత్తము శరీరమును మత్తులో ముంచవలసిన పని తరచుగా లేదు.

అన్నిటికంటె సులభమైనది విరిగిన పగులులోనికే మందు నింపుట. విరిగినచోట రక్తము చేరియుండును. వైద్యుడు చర్మమును శుభ్రముగా తుడిచి, చేతి వెనుక ప్రక్కనుండి సన్నని సూదిని ఆ పగులులోనికి పోనిచ్చి కొంచెము వెనుకకు లాగి చూచును. నల్లని రక్తము పిచికారిలోనికి వచ్చినచో పగులు దొరికినదని గుర్తు. పిమ్మట లిగ్నొకెయిన్ అను మందును, పెద్దవారికైనచో నూటికి 1 వంతు బలముగల ద్రావకము సుమారు 10 మిల్లీలీటర్లు, మెల్లగా ఎక్కించును. ఈ మందు 1943లో స్వీడను దేశమున లోఫ్‌గ్రెన్ అను రసాయనజ్ఞునిచే తయారైనది; పన్ను తీయువారు చిగురుకు వేయు సూదియు సాధారణముగ ఇదియే గనుక దీనికి భయపడ నక్కరలేదు. కొన్ని నిమిషములకు ఆ చోటు మొద్దుబారును. విరిగిన దినముననే వచ్చినవారికి ఇది బాగుగా పనిచేయును. నాలుగైదు దినములు గడచి రక్తము గడ్డకట్టిన పిమ్మట వచ్చినవారికి అంతగా పనిచేయదు. పైచర్మము చీలి ఎముక కనబడుచున్న గాయమునకును, చర్మము చీముపట్టియున్నచోటను ఇది తగదు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. రద్దీగా నుండు చోట్ల సూది వేసిన వెంటనే చేయి పట్టి లాగుట జరుగుచుండును. అట్లు చేసిన సూది వేసియు వేయనట్లే. మందు పారుటకు పది నిమిషములైన కావలెను. “అయ్యా, ఇంకను తిమ్మిరి రాలేదు, కొంచెము తాళుడు” అని రోగి చెప్పుటలో తప్పులేదు. మంచి వైద్యుడు దానికి కోపగింపడు.

రెండవ పద్ధతి జర్మనుడైన ఆగస్టు బియర్ అను వైద్యుడు 1908లో కనిపెట్టినది. చేతిని పైకెత్తి రక్తమును క్రిందికి దించి, రక్తపుపోటు చూచు పట్టీ వంటి దానిని భుజమునకు క్రిందుగా చుట్టి గాలినింపి బిగింతురు. చేతిలోనికి రక్తము రాదు. అప్పుడు ముంజేతి సిరలోనికి మొద్దుబార్చు మందు ఎక్కించినచో, అది పట్టీ దాటి పోలేక చేయియంతటను వ్యాపించి, పొలములో కట్టవేసి నిలిపిన నీరువలె నిలిచి, చేతిని మోచేతి పైవరకు మొద్దుబార్చును. పగులులో సూది వేసినదానికంటె దీనియందు నొప్పి తక్కువయని రెంటిని పోల్చిన పరిశోధనలలో కనబడినది. కాని కట్ట యొక్కసారి తెగినచో మందంతయు గుండెవైపు పరుగిడును. కావున పని ముందే ముగిసినను 20 నిమిషములలోపల పట్టీని వదలరాదు. దీని నెరిగిన మనిషి ప్రక్కన లేక చేయరాదు. రెండవ చేతికి సిలైను సూది ముందే పెట్టియుంచవలెను. బుపివకెయిన్ అను మరియొక మొద్దుబార్చు మందు గుండెకు అపాయకరమగుటచేత ఈ పద్ధతిలో దానిని వాడరాదని కట్టడి గలదు.

మూడవది, చంకలోగాని మెడయెముక ప్రక్కనగాని చేతికి పోవు నరముల మొదట మందు వేయుట. ఇది మత్తువైద్యుల పని. వరంగల్ మహాత్మాగాంధీ స్మారక వైద్యశాల, జనులు ఎం.జి.ఎం. అని పిలుచునది, 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధమైయున్నది గనుక, ఎముకల వైద్యులును మత్తువైద్యులును అచ్చట ఒకే ప్రాంగణమున దొరకుదురు. 2005నుండి మన ప్రాంతమున నడచుచున్న 108 బండిని పిలిచినచో అది రుసుము లేకుండ అచ్చటికి చేర్చును.

పిల్లల విషయము వేరు. వారికి మొదట తెలిసికొనవలసినది, అసలు ఎముకను కూర్చవలసిన పని యున్నదా అని. ఎండిన కందికట్టెను వంచినచో ఫట్టున విరుగును. పచ్చికట్టెను వంచినచో ఒక ప్రక్క చీలి, రెండవ ప్రక్క వంగి యూరకుండును. పిల్లల ఎముక పచ్చికట్టె వంటిది. కొన్నిసార్లు చీలికయు లేక, ఎముక ఒకచోట నొక్కుకొని ఉబ్బినట్లు మాత్రమే యుండును. అట్టిదానికి లాగుట అక్కరలేదు. పిండికట్టు కూడ అక్కరలేదు. 2022లో ఇంగ్లండున ప్రకటింపబడిన పెద్ద పరిశోధనలో, అట్టి బిడ్డలకు మెత్తని గుడ్డకట్టు కట్టి పంపినను, గట్టి బద్దకట్టు కట్టినను నొప్పిలోను మానుటలోను భేదము కనబడలేదు. నాటుకట్టులో లాగబడిన బిడ్డలలో ఇట్టివారు కొందరుందురనుటలో సందేహము లేదు. ఎక్సురే తీసియున్నచో ఆ బాధ వారికి తప్పెడిదే.

మరియొకటి. మణికట్టు దగ్గర ఎముక పెరుగు తావుండుటచేత, పదియేండ్లలోపు పిల్లలకు కొద్దిపాటి వంపు మిగిలినను రెండేండ్లలో ఎముక తనంత తానే సరియగుచు వచ్చును. కనుక వైద్యుడు “ఈ వంపు నుండనిండు” అన్నచో అది నిర్లక్ష్యము గాదు. చక్కగా కనబడలేదని తృప్తిలేక తిరిగి తిరిగి గుంజించినచో ఆ పెరుగు తావే చెడి, చేయి పొట్టిపడునట్టి అపాయము గలదు. అయితే ఎముక మెలిపడియున్నచో అది తానై సరికాదు, దానిని కూర్చవలసినదే.

కూర్చవలసివచ్చినపుడు పిల్లలకు కెటమిన్ అను మత్తుమందు తరచుగా వాడుదురు. ఇది 1962లో అమెరికాలో తయారై, 1970లో అచ్చట వాడుకకు అనుమతి పొందినది. దీని గుణము విచిత్రము. బిడ్డ కన్నులు తెరచియే యుండును, చూపు కదలుచుండును, కాని నొప్పి తెలియదు. ఏమి జరిగినదో జ్ఞాపకముండదు. శ్వాస సామాన్యముగా తానై యాడుచుండును. పెద్ద యంత్రములు లేని చిన్న దవాఖానాలలో ఇది యెంతో ఉపకరించుటచేత ప్రపంచ ఆరోగ్య సంస్థవారు దీనిని ముఖ్యమైన మందుల పట్టికలో చేర్చిరి. తెరచిన కన్నులను చూచి తల్లిదండ్రులు బెదరుదురు; బెదరనక్కరలేదు. మేలుకొనునపుడు కొందరు పిల్లలు వాంతి చేసికొందురు. కొందరు ఏవో కలలు కనినట్లు కలవరింతురు. వెలుతురును సద్దును తగ్గించి, తల్లి దగ్గర నుండి మెల్లగా మాటలాడినచో చాలును. మత్తిచ్చిన బిడ్డకు తెలివి మందగించునను భయము మన పల్లెలలో గలదు. ఎముక కూర్చుటకిచ్చు ఒక పూట మత్తువలన అట్టిది కలుగుననుటకు ఆధారము లేదు. అసలైన అపాయములు శ్వాస తగ్గుటయు, వాంతి ఊపిరితిత్తులలోనికి పోవుటయు. వానిని కనిపెట్టుటకే ఆక్సిజను, వ్రేలికి తగిలించు యంత్రము, ప్రక్కన మరియొక మనిషి యుండవలెనను నియమము. ఇవి లేనిచోట మత్తు వలదనుటయే వివేకము.

పై కారణముచేతనే దారిలో బిడ్డకు తిండి పెట్టరాదు. ఏడ్చుచున్నదని బిస్కత్తులు, సోడా, టీ ఇప్పించుట మనవారి ప్రేమలక్షణము. దానివలన మత్తు ఆలస్యమగును. సాధారణముగ ఘనాహారము తిన్న 6 గంటలకును, నీరు త్రాగిన 2 గంటలకును గాని నిశ్చింతగా మత్తియ్యరు. పెద్దవారికి నొప్పి తెలియకుండ కల్లుగాని సారాయిగాని పోయుట అంతకంటె చెడ్డది. సుశ్రుతుని కాలమున మరియొక సాధనము లేదు, నేడున్నది. మద్యము మీద మత్తుసూది పడినచో శ్వాస ఆగవచ్చును. త్రాగియే యున్నచో వైద్యునియొద్ద దాచక చెప్పవలెను. బిడ్డ బరువెంతయో తెలిసియున్నచో చెప్పవలెను. ఈ మందులన్నియు బరువును బట్టియే లెక్కింతురు. లిగ్నొకెయిన్‌కు సామాన్యపు పరిమితి కిలో బరువుకు 3 మిల్లీగ్రాములని యెంతురు. అనగా 20 కిలోల బిడ్డకు 60 మిల్లీగ్రాములు. నూటికి 1 వంతు ద్రావకములో 6 మిల్లీలీటర్లు. పెద్దవారి మోతాదు బిడ్డకు ఎక్కింపరాదని దీనివలన తేటపడును.

ఇంటివద్ద చేయదగిన పని కొద్దియే; కాని విలువైనది. చేయి ఏ తీరున నున్నదో ఆ తీరుననే ఒక అట్టముక్కగాని, చుట్టిన వార్తాపత్రికగాని క్రింద పెట్టి వదులుగా గుడ్డతో కట్టి, మెడనుండి జోలె వేయవలెను. కదలకుండుటయే సగము నొప్పిని తీయును. గాజులు, ఉంగరములు, మొలత్రాళ్ల వలె కట్టుకొనిన రక్షాత్రాళ్లు వాపు రాకముందే తీసివేయవలెను. వాచిన పిమ్మట కోయవలసివచ్చును. నూనెరాచి మర్దన చేయరాదు; బెణుకేమో యని లాగి చూడరాదు. పారాసిటమాల్ ఇయ్యవచ్చును, ఒక గుక్క నీటితో మాత్ర మ్రింగుటవలన మత్తునకు అడ్డురాదు, దవాఖానాలో మాత్రము చెప్పవలెను. పిల్లలకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున, 6 గంటల కొకసారి, దినమునకు 4 సార్లకు మించక. సీసా కొనునప్పుడు కన్ను తెరచి చూడవలెను. 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములుండు సీసాయు గలదు, 250 ఉండు సీసాయు గలదు. “ఒక మూత పోసితిమి” అనుమాట వైద్యునకు ఏమియు తెలుపదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇయ్యరాదు. నిమెసులైడ్ అను మందును 12 ఏండ్లలోపువారికి ఇయ్యరాదని భారత ప్రభుత్వము 2011లోనే నిషేధించినది. అయినను ఇంటిలో పెద్దలకు తెచ్చిన మాత్రను విరిచి బిడ్డకు వేయుట ఆగలేదు.

ఇంతవరకు అణచవలసిన నొప్పిని గూర్చి చెప్పితిమి. అణచరాని నొప్పి యొకటి గలదు. దానిని ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను.

ఎముక కూర్చి కట్టు వేసిన పిమ్మట రెండు మూడు దినములు కొంత నొప్పియు వాపును ఉండుట సహజము. చేతిని దిండుమీద గుండెకంటె ఎత్తుగా నుంచి, వ్రేళ్లను గంటకొకసారి ముడిచి తెరచుచు, మాత్ర వేసికొనుచున్నచో అది దినదినము తగ్గుచు పోవలెను. తగ్గుటకు మారుగా, మాత్ర వేసినను గంటగంటకు హెచ్చుచున్నచో, ముడిచిన వ్రేళ్లను ఇంకొకరు మెల్లగా చాచినప్పుడు ముంజేతిలో భరింపరాని పోటు కలుగుచున్నచో, వ్రేళ్లు తిమ్మిరెక్కి, చల్లబడి, తెల్లగానో నల్లగానో మారుచున్నచో, కట్టులోపల వాపు పెరిగి రక్తప్రసారమును అదుముచున్నదని అర్థము. ఆ స్థితి కొన్ని గంటలు నిలిచినచో కండరము చచ్చును. మిగిలినది బిగిసి కొక్కెమువలె వంగిన చేయి. జర్మను వైద్యుడు ఫోల్క్‌మన్ 1881లో దీనిని వర్ణించెను. బిగుతు కట్టే దీనికి ముఖ్యకారణమని ఆతడు చెప్పెను. వెదురుబద్దల కట్టు బిగిసి, వ్రేళ్లు నల్లబడి, చివరకు చేయి తీసివేయవలసివచ్చిన బిడ్డలను ఎముకల వైద్యులు నేటికిని చూచుచునే యున్నారు.

ఆ నొప్పికి మరియొక మాత్ర, మరియొక సూది వేయించుకొని నిదురపోవరాదు. తెల్లవారనిమ్మనరాదు. చేతిని గుండె ఎత్తునకు దించి, నాటుకట్టైనచో బద్దలతోసహా అంతయు విప్పివేయవలెను. పిండికట్టైనచో వెంటనే దవాఖానాకు పోయి, కట్టును పొడుగునా చీల్చి, లోపలి దూది గుడ్డతోసహా చర్మము కనబడువరకు తెరిపింపవలెను. “కట్టు విప్పిన ఎముక జరుగును” అని కొందరు వెనుదీయుదురు. జరిగిన ఎముకను మరల కూర్చవచ్చును. చచ్చిన కండరమును మరల తేలేము. నరముల మొదట మందు వేయించుకొన్నవారికి చేయి చాలగంటలు మొద్దుబారియుండి ఈ హెచ్చరిక తెలియకపోవచ్చును. వారు వ్రేళ్ల రంగును, వెచ్చదనమును కంటితో చూచుకొనుచుండవలెను.

ఏ యిబ్బందియు లేకున్నను వారము దినములకు మరల ఎక్సురే తీయింపవలెను. వాపు తగ్గిన పిమ్మట కట్టు వదులై ఎముక జరుగుట గలదు. నాట్లు, పత్తితీతలు, మిరపకోతలు వచ్చినవని ఈ తిరుగు ప్రయాణమును వాయిదా వేయువారు ఎక్కువ. మొదటి రెండు వారములలో జరిగిన ఎముకను కూర్చుట సులభము. నెల దాటినచో వంకరగానే అతుకుకొనును. పిల్లలకు సామాన్యముగా మూడు మొదలు ఆరు వారములకు, పెద్దలకు అయిదారు వారములకు కట్టు తీయుదురు. తీయునపుడు గిరగిర శబ్దముచేయు రంపమును చూచి పిల్లలు చేయి కోయుదురని భయపడి ఏడ్తురు. ఆ రంపపు పళ్లు చుట్టు తిరుగవు, ఇటు నటు కొంచెము అదరును అంతే. గట్టిదైన పిండిని కోయును, మెత్తని చర్మము దానితోపాటు కదలుటచే తెగదు. వైద్యుడు దానిని తన అరచేతికి తాకించి చూపినచో బిడ్డ ఊరకుండును. కట్టు తీసిన దినమున చేయి సన్నగిల్లి, బిగిసి, చర్మము పొట్టురాలుచుండును. గోరువెచ్చని నీటిలో ముంచి మణికట్టును మెల్లగా ఆడించుచుండవలెను. పారపట్టుటకు, నీళ్లబిందె మోయుటకు మరి కొన్ని వారములు తాళవలెను.